ఆయమ్మ ముడి

"స్నానం తనే చేసుకుంటుందా?"

ముసలివాళ్ళ హోము యజమాని ఆ మాట మేనల్లుణ్ణి అడిగాడు. ఆయమ్మ అక్కడే ఉంది, మేనల్లుడి పక్క కుర్చీలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. నోరూ ఉంది, చెవులూ ఉన్నాయి.

"చేసుకుంటాను" అంది.

"రాత్రిళ్ళు లేస్తుందా?" అన్నాడు యజమాని, మళ్ళీ మేనల్లుడి వైపే చూస్తూ.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి వార్డులో ఆయాగా చేసిన మనిషికి, మంచం మీదున్న వాళ్ళ తల మీదుగా మాట్లాడుకోవడం కొత్త కాదు. తనూ ఎన్ని వేలసార్లు మాట్లాడిందో. ఇప్పుడు ఆ తల తనదైంది, అంతే తేడా.

గదులు చూడ్డానికి లేచారు. మేనల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎక్కడికి వెళ్ళినా ముందు మెట్లూ, పట్టుకునే కడ్డీలూ చూస్తాడు, చేత్తో ఊపి మరీ చూస్తాడు. కోడలు, అతని భార్య, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఆమె కిటికీలు చూసింది. ఆయమ్మ మంచాల మీదున్న వాళ్ళని చూసింది, అదీ ముఖాలు కాదు. మడమలు చూసింది. గోళ్ళు చూసింది. పెదాల చివర పగుళ్ళు చూసింది. ఒక ముసలాయన మంచం దగ్గర ఆగి, గోడకున్న గంట మీటని చూసి, ఆయన చేతిని చూసి, మధ్యలో తన జేన పెట్టి కొలిచింది. ఆయన పలకరింపుగా నవ్వాడు. ఆమె నవ్వలేదు, పనిలో ఉంది.

గేటు బయటికి రాగానే "వద్దు" అంది.

"మళ్ళీ ఏమైంది అత్తయ్యగారూ?" అంది కోడలు.

"గంట మీట చెయ్యి చాచినా జేనెడు దూరంలో పెట్టారు. అందేదైతే ఊరికే నొక్కుతారని. ఆ చివరి మంచం ఆవిడ మడమ నల్లబడింది, వారం తిరక్కుండా పుండవుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టే నాథుడు లేడు అక్కడ."

మేనల్లుడు నవ్వాడు. "మా అత్తది కన్ను కాదే, ఎక్స్‌రే మిషను. ఆసుపత్రిలో మేట్రనమ్మ వస్తే ఎవరూ లేచేవాళ్ళు కారట, ఈవిడ చెప్పుల చప్పుడు వింటే నర్సులు కూడా సర్దుకునేవాళ్ళట."

"బానే ఉంది. ఇది మూడోది" అంది కోడలు. "నాకు సెలవు శుక్రవారం దాకానే. తరవాత పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లో ఎవరుంటారు?"

నెల్లాళ్ళలో ఆయమ్మ రెండుసార్లు స్నానాలగదిలో జారి పడింది. రెండోసారి కోడలు వచ్చేదాకా నాలుగు గంటలు ఆ తడి నేల మీదే ఉంది. ఒంటరిగా వదలొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. బస్సులో కూర్చున్నాక కోడలు, ఆయమ్మ మోకాళ్ళ మీద జారుతున్న శాలువా సర్ది, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నాలుగో హోము మర్నాడు చూశారు. రెండు వీధులు కలిసేచోట, మేడ లేని ఇల్లు. తొమ్మిది మంచాలు, మూడు గదులు. వాకిట్లో చెప్పులు వరసగా ఉన్నాయి.

లోపలికి అడుగు పెట్టగానే ఆయమ్మ ఊపిరి పీల్చి, ఆపి, మళ్ళీ పీల్చింది. వాసన లేదు. ఫినాయిలు వాసన కూడా లేదు. ఫినాయిలు ఘాటుగా కొట్టిందంటే దాని కింద ఇంకేదో ఉన్నట్టు. ఇక్కడ ఎండలో ఆరిన గుడ్డల వాసన తప్ప ఏమీ లేదు. మొదటి గదిలో నలుగురు ఆడవాళ్ళు. మూడు మంచాల్లో మనుషులు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, నాలుగో ఆవిడ పడుకుని కళ్ళు తెరిచే ఉంది. తలలు దువ్వి ఉన్నాయి. గోళ్ళు పొద్దున్నే కత్తిరించినట్టున్నాయి. ఆయమ్మ వంగి ఒకావిడ దుప్పటి అంచు ఎత్తింది. మడమలు పసిపిల్లల మడమల్లా ఉన్నాయి. గంట మీటలు దిండు పక్కనే, చేతికి అందేలా.

మేనల్లుడు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తలూపింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

అప్పుడు వెనక గుమ్మంలోంచి ఒక భారీ మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆగిపోయింది.

"అక్కా" అంది. "నన్ను గుర్తుపట్టలా? పిచ్చుకని."

ఆయమ్మ పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఆ రోజుల్లో వార్డులో ఆ పేరు పెట్టింది తనే. వేలెడంత పిల్ల, ఒకచోట నిలబడేది కాదు, మంచం నుంచి మంచానికి గెంతుతూ పనిచేసేది. ఇప్పుడు ఆ పేరులో నలుగురు పిచ్చుకలకి సరిపడా మనిషి ఉంది. అయినా నడకలో ఆ గెంతు పోలేదు.

"ఇది నీదా?" అంది ఆయమ్మ.

"నాదే. ఆరేళ్ళయింది." పిచ్చుక కోడలి చెయ్యి పట్టుకుంది. "నాకు పని నేర్పిన మనిషమ్మా ఈవిడ. దుప్పటి ఎలా పరవాలి, ఒళ్ళు ఎలా తుడవాలి, ముసలివాళ్ళని ఎలా లొంగదీయాలి, అన్నీ ఈవిడ దగ్గరే. ఇక్కడ ప్రతి పనీ అక్క చెప్పినట్టే చేస్తాను. ఇప్పటికీ ఏదైనా తేడా వస్తే, అక్కుంటే ఏం చేసేది అనుకుంటాను."

కోడలి ముఖం ఎన్నాళ్ళ తరవాతో విచ్చుకుంది. మేనల్లుడు "చూశావా అత్తా" అన్నాడు.

ఆయమ్మ వాళ్ళ మాటలు వినడం లేదు. పక్కనున్న మంచం వైపు చూస్తోంది. పరుపుకీ మంచం కడ్డీకీ మధ్య నుంచి తెల్లటి గుడ్డ పీలిక కొస ఒకటి బయటికి కనిపిస్తోంది, వేలెడంత. నాలుగు మడతలు పెట్టి కుట్టిన పాత నూలుగుడ్డ. ఆ మడత ఆమెకి తెలుసు.

వార్డులో దాన్ని ఆయమ్మ ముడి అనేవాళ్ళు. మణికట్టు చుట్టూ మెత్తగా రెండు చుట్లు, మధ్యలో వేలు దూరేంత సందు, కొసలు కడ్డీ కిందినుంచి తీసి అవతలి పక్క ముడి. కట్టించుకున్న వాళ్ళు ఎంత గింజుకున్నా కొస అందదు. నిలబడ్డ మనిషి ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. ఒంటి మీద గీత పడదు. చుట్టాలు వచ్చే వేళకి లాగేసి పరుపు కిందికి తోసేస్తే, అక్కడ ఏమీ జరగనట్టే.

ఇప్పుడు చుట్టాలు వచ్చే వేళ.

ఆయమ్మ చెయ్యి ఆమెను అడక్కుండానే కదిలింది. రెండు వేళ్ళతో ఆ కొసని పరుపు కిందికి తోసేసింది. తల ఎత్తేసరికి పిచ్చుక ఆమెనే చూస్తోంది. నవ్వింది, సొంత మనిషిని చూసి నవ్వినట్టు.

"ఎల్లుండి ఒక పూట ఇక్కడుండి చూడక్కా" అంది. "నచ్చితేనే కాయితాలు."

ఆ సాయంత్రం ఇంట్లో ఆయమ్మ కప్పులో టీ సగం వదిలేసి, "అది వద్దురా" అంది.

మేనల్లుడు సాక్సు విప్పుకుంటున్నాడు. ఒకటి విప్పి రెండోది అలాగే వదిలేశాడు. "ఎందుకు?"

"ఎందుకో. మనసొప్పడం లేదు."

"మడమలు బాగా లేవా?"

"బాగున్నాయి."

"గంట మీట?"

"అందుతుంది."

"మరి?"

ఆమె నోరు తెరిచింది. చెప్పాలంటే గుడ్డ పీలిక గురించి చెప్పాలి. పీలిక గురించి చెప్పాలంటే అది ఎవరు కనిపెట్టారో చెప్పాలి. ఈ పిల్లాడు చిన్నప్పుడు బళ్ళో, మా అత్త ఆసుపత్రిలో రోగుల్ని చూసుకుంటుంది అని ఛాతీ విరుచుకుని చెప్పినవాడు. ఇప్పటికీ లిఫ్టు బాగుచేయడానికి ఆసుపత్రికి వెళితే అదే చెబుతాడు.

"పిచ్చుకకి నోటి దురుసు" అంది చివరికి.

కోడలు బట్టలు మడత పెడుతోంది. చేతిలో ఉన్నది పక్కన పెట్టింది. కోపంగా ఏం అనలేదు, అలసిపోయి అంది. "అత్తయ్యగారూ, ఇదివరకటి మూడింటికీ మీరు కారణం చెప్పారు, మేం కాదనలేదు. దీనికి మీ దగ్గర కారణం కూడా లేదు. నడుం పట్టేసి నేను రెండు రోజుల్నించి వంగలేకపోతున్నాను, మిమ్మల్ని ఎత్తి కూర్చోబెడుతుంటే. ఆవిడ మీ చేతికింద పెరిగిన మనిషి. మీరు ఆ ఆసుపత్రిలో జనాన్ని ఎలా చూసుకున్నారో, ఆవిడ మిమ్మల్ని అలా చూసుకుంటే చాలు కదా. అంతకన్నా మీకు ఏం కావాలి?"

ఆయమ్మ కప్పు దగ్గరికి లాక్కుంది. చల్లారిన టీ ఎత్తి గుక్కలో తాగేసింది.

ఒక పూట ఉండి చూడాల్సిన రోజు, పది గంటలకి మేనల్లుడు ఆమెని దింపి, అయిదింటికి ఇద్దరం వస్తామని చెప్పి వెళ్ళాడు. మొదటి గదిలో కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. మొన్న దాని మీదున్నావిడ ఏమైందో ఆయమ్మ అడగలేదు, పిచ్చుక చెప్పలేదు.

భోజనాల దాకా అంతా సవ్యంగానే జరిగింది. పిచ్చుకా, ఇంకో పనిమనిషీ, ఇద్దరే తొమ్మిది మందికీ. ఇద్దరి చేతుల్లో తన చేతులే కనిపించాయి ఆయమ్మకి. చెంచా కింది పెదవికి ఆనించి, మింగేదాకా గొంతు చూసి, రెండో ముద్ద. గడ్డం తుడిచేటప్పుడు పైకి కాదు, కిందికి. ఎవరైనా మాట మొదలుపెడితే చెంచా నోట్లోకి వెళ్ళేది. మాట అక్కడితో సరి. అదీ తను నేర్పిందే.

రెండు గంటలకి పిచ్చుక పరుపుల కిందినుంచి పీలికలు లాగింది. ఒకావిడ తనే చేతులు చాపింది. ఇంకో ఆవిడ నిద్రపోతోంది, నిద్రలోనే కట్టేశారు. ఆయమ్మ పక్కమంచం ఆవిడ, రిటైరైన లెక్కల టీచరమ్మ, గోడ వైపు చూస్తూ పడుకుంది.

"ఈవిడకి కాలి మీద పుండక్కా. చేతులు వదిలితే కట్టు పీకేస్తుంది" అంది పిచ్చుక, ముడి వేస్తూ. "రెండు గంటలే. మేమిద్దరం ఇంత తిని, దుప్పట్లు ఉతికి వచ్చేదాకా. నీకు తెలీందేముంది."

"నాకు కట్టవా?" అంది ఆయమ్మ.

పిచ్చుక అదేదో హాస్యమైనట్టు నవ్వి వెళ్ళిపోయింది.

పెరట్లో కుళాయి చప్పుడు మొదలైంది. కాసేపటికి టీచరమ్మ, గోడ వైపు చూస్తూనే, "ఏమండీ" అంది. "మీకు చేతులు ఖాళీగా ఉన్నట్టున్నాయి."

"ఉన్నాయి."

"నా ముక్కు మీద దురదగా ఉంది. అరగంటయింది."

ఆయమ్మ లేచి, కర్ర పట్టుకుని వెళ్ళి, ఆమె ముక్కు మీద వేలితో రుద్దింది.

"అక్కడ కాదు" అంది టీచరమ్మ. "ఇంకొంచెం పక్కకి. కాదు. అటు కాదండీ." కళ్ళు మూసుకుంది. "నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. ఎక్కడుందో చెబితే మీకు అర్థం కావడం లేదు. నా ముక్కు నేను గోక్కుంటాను, ఒక్కసారి విప్పరూ."

ఆయమ్మ కడ్డీ అవతలికి వెళ్ళింది. కొస పట్టుకుని లాగింది. కీళ్ళవాపు వేళ్ళకి కూడా, ఒక్క లాగుకే మొత్తం ఊడి వచ్చింది.

టీచరమ్మ కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తింది. ముక్కు గోక్కుంది, తొందరలేకుండా, ఒక పక్కా రెండో పక్కా. తరవాత కనుబొమ్మ. తరవాత చెవి వెనక. ఆ పని ముగిశాక చేతిని ముఖానికి ఎదురుగా పెట్టుకుని అరచెయ్యీ వెనకవైపూ చూసుకుంది. ఆయమ్మ ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్నో వందలసార్లు ఈ ముడి లాగింది, చుట్టాలు గుమ్మంలోకి వచ్చేలోపు లాగాలి కాబట్టి. లాగిన తరవాత ఆ చెయ్యి ఏం చేస్తుందో ఎప్పుడూ ఆగి చూడలేదు.

ఆ చెయ్యి దుప్పటి కిందికి వెళ్ళింది. ఆయమ్మకి అర్థమయ్యేసరికే కట్టు సగం ఊడిపోయింది, గోళ్ళు పుండులో ఉన్నాయి. టీచరమ్మ ముఖంలో నొప్పి లేదు, గొప్ప సుఖం ఉంది. దుప్పటి మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

"ఆపు తల్లీ, ఆపు" అంటూ ఆయమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

పెరట్లో కుళాయి ఆగిపోయింది. టీచరమ్మ చెయ్యీ ఆగిపోయింది. ఆమె దుప్పటి వైపు చూసింది, తలుపు వైపు చూసింది. అప్పటిదాకా పిల్లల్ని గదమాయించే గొంతులా ఉన్నది కాస్తా సన్నబడిపోయింది.

"కట్టెయ్యండి. త్వరగా."

"ఎందుకంత భయం? కొడుతుందా?"

"కొట్టదు. కొడితే మా అబ్బాయికి చెప్పుకోవచ్చు. తెర లాగేస్తుంది మంచం చుట్టూ. మూడేసి రోజులు ఎవ్వరూ మాట్లాడరు. అన్నం పెడతారు, ఒళ్ళు తుడుస్తారు, మాట్లాడరు. పిలిస్తే పలకరు. నేను ఉన్నానో లేనో నాకే తెలీదు." చెయ్యి చాపింది. "కట్టెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

తెర లాగడం. కొట్టవద్దు, తిట్టవద్దు, తెర లాగి ఊరుకో, మూడో రోజుకి మైనంలా అవుతారు. పిచ్చుక కొత్తగా చేరిన రోజుల్లో ఎవరి మీదో చెయ్యి ఎత్తితే, పక్కకి పిలిచి ఆ మాట చెప్పింది ఎవరో ఆయమ్మకి గుర్తుంది. అప్పుడు అది మంచి మాటే అనిపించింది. కొట్టడం కన్నా నయం కదా అనిపించింది.

అడుగుల చప్పుడు వసారాలోకి వచ్చింది. ఆయమ్మ పుండు మీద కట్టు సరిచేసింది, దుప్పటి మడిచి నెత్తురు లోపలికి తిప్పింది. పీలిక తీసుకుని మణికట్టు చుట్టూ రెండు చుట్లు వేసింది. వేలు దూరేంత సందు చూసుకుంది. కొసలు కడ్డీ కిందినుంచి తీసి ముడి వేసింది. పొద్దున్నే జాకెట్టు గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టిన వేళ్ళు అవి. ముడికి పది సెకన్లు కూడా పట్టలేదు.

పిచ్చుక గుమ్మంలో నిలబడింది.

"నేను విప్పమనలేదు" అంది టీచరమ్మ వెంటనే. "ఈవిడే వచ్చి విప్పింది. నేను వద్దన్నాను."

పిచ్చుక దగ్గరికి వచ్చి దుప్పటి తిప్పి చూసింది. కట్టు చూసింది. కొత్త గుడ్డ తెచ్చి, మాట్లాడకుండా, పుండు శుభ్రంగా తుడిచి కట్టు కట్టింది. చెయ్యి ఎంత తేలిగ్గా ఉందంటే టీచరమ్మ ఒక్కసారి కూడా మూలగలేదు. అది అయ్యాక ముడి వైపు చూసి, వేలితో తాకింది.

"నాది కాదిది. నేను కుడి నుంచి తిప్పుతాను, నువ్వు ఎడమ నుంచి తిప్పుతావు" అంది. "ఇన్నేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదక్కా."

"నేను చెప్పింది తప్పు" అంది ఆయమ్మ. గొంతు ఆమెకే వినపడీ వినపడనట్టుంది. "ఇవన్నీ తప్పు. నీకు నేర్పకుండా ఉండాల్సింది."

పిచ్చుక కోప్పడలేదు. మంచం అంచున కూర్చుంది, నిజంగానే వినాలన్నట్టు. "ఇద్దరం. తొమ్మిది మంది. చేతులు వదిలితే ఏమవుతుందో ఇప్పుడే చూశావు. ఒప్పు ఏదో చెప్పు, రేపట్నుంచి అదే చేస్తాను."

ఆయమ్మ ఆలోచించింది. నిజాయితీగానే ఆలోచించింది.

"నీ వార్డులో ఎంతమంది ఉండేవాళ్ళు?" అంది పిచ్చుక.

"నలభై."

"చూశావా" అని, లేచి, టీచరమ్మ మంచం చుట్టూ తెర లాగింది. తెర రింగులు కమ్మీ మీద గరగరమంటూ జారాయి.

"నేను అడగలేదండీ" అంది తెర వెనక నుంచి టీచరమ్మ. పిచ్చుక పలకలేదు, బయటికి వెళ్ళిపోయింది. టీచరమ్మే మళ్ళీ, "ఏమండీ, కిటికీ పక్కన ఉన్నావిడా, ఉన్నారా?" అంది.

తలుపు ఓరగా తెరిచే ఉంది. వసారాలో పిచ్చుక నీడ గోడ మీద కదులుతోంది. ఆయమ్మ తన మంచం మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండోసారి పిలుపు వచ్చింది. మూడోసారి వచ్చింది. ఆయమ్మ పలకలేదు.

అయిదింటికి మేనల్లుడూ కోడలూ వచ్చారు. ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ వేళకి తెరలన్నీ తీసే ఉన్నాయి, పీలికలన్నీ పరుపుల కిందికి వెళ్ళిపోయాయి.

"ఎలా ఉంది అత్తా?" అన్నాడు మేనల్లుడు.

"శుభ్రంగా ఉంది" అంది ఆయమ్మ.

పిచ్చుక కాయితాలు తెచ్చింది. మేనల్లుడు లిఫ్టు మాన్యువల్ చదివినట్టు వేలు పెట్టి ఒక్కో లైనూ చదవసాగాడు. మందులు ఎవరు తేవాలి, చూడ్డానికి ఏ వేళల్లో రావాలి, ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరికి ఫోను చెయ్యాలి. రెండో పేజీలో వేలు ఆగింది.

"ఇదేంటి? అవసరమైనప్పుడు చేతులు కట్టి ఉంచుటకు సమ్మతి." తల ఎత్తాడు. "కట్టడమేంటి?"

"అన్నిచోట్లా ఉంటుందిలే అది" అంది కోడలు. కానీ ఆమె కూడా కలం పట్టుకున్న భర్త చేతినే చూస్తోంది.

పిచ్చుక ఆయమ్మ వైపు చూసింది, చదువు నేర్పిన పంతులమ్మకి మాట వదిలేసినట్టు. మేనల్లుడు కూడా అటే తిరిగాడు.

"అత్తా, నువ్వు చెప్పు. ఏంటిది?"

ఈ ప్రశ్న ఆమెకి కొత్త కాదు. వార్డు గుమ్మంలో కొడుకులు అడిగేవాళ్ళు, కూతుళ్ళు అడిగేవాళ్ళు, ఒక చేతిలో పళ్ళ సంచీతో, రెండో చేతిలో కలంతో. అడిగేటప్పుడు అందరి ముఖాలూ ఒకేలా ఉండేవి. నిజం తెలుసుకోవాలని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. మేనల్లుడి నుదుటి మీద ముడతలు చూసింది. వాడి ఎడంచెయ్యి తన కుర్చీ చేతి మీద ఉంది, చెమటపట్టి. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, వాడు లేస్తాడు. లేచి, తనని ఇంటికి తీసుకువెళతాడు. సోమవారం తొమ్మిదింటికి మళ్ళీ అదే ప్రశ్న.

"ఏం కాదురా నాయనా" అంది ఆయమ్మ. ఆ గొంతు ఎంత నిబ్బరంగా వచ్చిందంటే పిచ్చుక చూపు దించుకుంది. "మెత్తటి గుడ్డ. నిద్రలో దొర్లి కింద పడకుండా. పసిపిల్లలకి పొత్తిగుడ్డ చుట్టమూ, అలాగే. వాళ్ళకి తెలియను కూడా తెలీదు."

"నొప్పి ఉండదు కదా?"

"నొప్పి ఏముంటుంది. నేను ముప్ఫై ఏళ్ళు చూళ్ళా."

మేనల్లుడి భుజాలు కిందికి దిగాయి. కోడలు ఊపిరి వదిలి, చెయ్యి చాపి ఆయమ్మ చెయ్యి మీద వేసింది. అతను సంతకం పెట్టాడు, తేదీ వేశాడు.

పిచ్చుక కాయితం తిప్పి, వెనకవైపు వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ కూడా ఒకటి బాబూ."

అక్కడ ఇంకో ఏడెనిమిది లైన్లు ఉన్నాయి. ఈసారి అతను చదవలేదు.